పెద్దవాళ్ల టెన్నిస్ బ్యాచ్: మా కోర్టు ఎలా ఉంది, చేరే ముందు ఏం చూసుకోవాలి

ముందే చెప్పేస్తాను. నలభై దాటి, జీవితంలో ఎప్పుడూ టెన్నిస్ బ్యాట్ పట్టనివాళ్లు ఇప్పుడు నేర్చుకోవాలనుకుంటే, మా మియాపూర్ వైపు కోర్టులో నడిచే ఉదయం బ్యాచ్‌కి నేను ఐదుకి నాలుగు మార్కులు వేస్తాను. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానో కింద రాశాను. లోపాలు కూడా చెప్తున్నాను కాబట్టి కోర్టు పేరు రాయడం లేదు. ఖాళీ స్థలం లీజుకి తీసుకుని, రెండు మూడు కోర్టులు వేసి, ఫ్లడ్‌లైట్లు పెట్టి నడిపేవాళ్లు హైదరాబాద్ పడమర వైపు చాలామందే ఉన్నారు. మీ ఇంటి దగ్గర ఉన్నదానికి వెళ్లినా చూసుకోవాల్సినవి దాదాపు ఇవే.

నేను బ్యాంకులో పనిచేస్తాను. సాయంత్రం లెక్క తేలేసరికి మెడ, నడుము రెండూ పట్టేసి ఉంటాయి. మా అబ్బాయిని వేసవి క్యాంపులో చేర్పించినప్పుడు వాడి క్లాసు అయ్యేదాకా సిమెంటు బెంచీ మీద కూర్చుని ఫోన్ చూసుకునేదాన్ని. "మేడమ్, రోజూ గంటసేపు ఊరికే కూర్చుంటున్నారు, పక్క కోర్టులో పెద్దవాళ్ల బ్యాచ్ ఉంది, ఒక్కరోజు ఆడి చూడండి" అన్నారు కోచ్. అలా మొదలైంది. మావాడు తొమ్మిదో తరగతికి రాగానే ఫౌండేషన్ కోర్సు అంటూ ఆట మానేశాడు. నేను మానలేదు.

ఆయన అడగ్గానే సరే అనడానికి కారణం ఉంది. మాది సానియా తరం. 2005లో ఆవిడ హైదరాబాద్‌లో డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ గెలిచింది. సింగిల్స్‌లో భారత మహిళకి అదే మొదటి డబ్ల్యూటీఏ టైటిల్. అప్పుడు మేం గుంటూరులో చదువుకుంటున్నాం. మర్నాడు పేపర్లో ఫొటో కత్తిరించి దాచుకున్నవాళ్లం. మా కాలేజీలో అమ్మాయిలకి ఉన్నవి త్రోబాల్, టెన్నికాయిట్. టెన్నిస్ కోర్టు ఉన్నది క్లబ్బులో, మా ఇళ్లలోంచి అక్కడికి వెళ్లేవాళ్లే లేరు. అప్పట్లో తీరని కోరిక, చేతికి జీతం వచ్చి పిల్లలు కాస్త పెద్దయ్యాక మళ్లీ తలెత్తుతుంది. మా బ్యాచ్‌లో ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. ఊళ్లో హైస్కూల్ గ్రౌండ్‌లో క్రికెట్ ఆడినవాళ్లు, కాలేజీలో షటిల్ ఆడి పెళ్లయ్యాక వదిలేసినవాళ్లు.

ఎందుకు చేరారని అడిగితే మాత్రం అందరూ చెప్పేది ఆరోగ్యం. ఆర్టీసీలో డిపో మేనేజర్‌గా రిటైరైన అంకుల్‌కి షుగర్. డాక్టర్ నడవమంటే పార్కులో ఒక్కడే గుండ్రంగా తిరిగి తిరిగి విసుగొచ్చి ఇటొచ్చారు. పళ్ల డాక్టర్ గారు ఒకావిడ ఉన్నారు, రోజంతా ఒకే పక్కకి వంగి పనిచేసి భుజం బిగుసుకుపోయి చేరారు. మెడికల్ షాపు ఆయనది పొట్ట. సాఫ్ట్‌వేర్ కుర్రాడికి రాత్రి కాల్స్, నిద్ర లేకపోవడం, ఎప్పుడు ఉద్యోగం తీసేస్తారో అన్న టెన్షన్. కారణాలన్నీ నిజమే. కానీ నేను గమనించింది ఏంటంటే, ఆరోగ్యం కోసం చేరి ఆరోగ్యం కోసమే కొనసాగుతున్నవాళ్లు ఇక్కడ ఎవరూ లేరు. ఆ కారణంతో చేరినవాళ్లు వేరే ఏదో దొరికితేనే ఉంటున్నారు, దొరక్కపోతే రెండో నెల ఫీజు కట్టే ముందే మాయమవుతున్నారు. ఆ వేరేది దొరికేలా చేస్తుందా లేదా అన్నదాన్ని బట్టే నేను ఒక కోర్టుకి మార్కులు వేస్తాను. ఫ్లడ్‌లైట్లు ఎన్ని, కార్ పార్కింగ్ ఎంత అన్నవి ఆ తర్వాత.

దీనికి ముందు ఇంటికి ఇంకా దగ్గరని ఇంకో అకాడమీలో కొన్నాళ్లు చూశాను. అక్కడ పెద్దవాళ్ల బ్యాచ్ అంటే పిల్లల బ్యాచ్ ఖాళీ అయ్యాక మిగిలిన టైము. పది పన్నెండు మందిని వరసలో నిలబెట్టి, కోచ్ నెట్ దగ్గర బంతుల బుట్ట పెట్టుకుని ఒక్కొక్కరికి రెండేసి బంతులు వేసేవాడు. రెండు కొట్టి వరస వెనక్కి వెళ్లాలి. గంటలో ముప్పావు వంతు నిలబడటమే. "ముందు ఫోర్‌హ్యాండ్ సెట్ అవ్వాలి మేడమ్, గేమ్ తర్వాత" అనేవాడు. పదేళ్ల పిల్లాడికి పది సంవత్సరాల టైముంది, వాడికి ఆ పద్ధతి నప్పుతుందేమో. పొద్దున్నే వంట సగంలో వదిలేసి వచ్చిన మనిషికి ఎదుటి నుంచి తిరిగొచ్చే బంతి కావాలి. అది లేకపోతే ఇది ఆట కాదు, ఇంకో రకం డ్రిల్లు.

ఇప్పుడున్న కోర్టులో మొదటిరోజే ఇద్దరిద్దరిని ఎదురెదురుగా సర్వీస్ గీతల దగ్గర నిలబెట్టారు. చేతికి నారింజ రంగు బంతులు ఇచ్చారు. ఇవి మామూలు పసుపు బంతి కంటే దాదాపు సగం వేగంతో వస్తాయి, ఎక్కువ ఎత్తుకి లేవవు. దగ్గర దగ్గరగా నిలబడి మెల్లగా తోస్తే అవతలివాళ్లు అందుకోగలరు. ఇది మా కోచ్ సొంతంగా కనిపెట్టింది కాదు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2007లో 'ప్లే అండ్ స్టే' అని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. కొత్తగా వచ్చిన మనిషి మొదటి పాఠంలోనే సర్వ్ చెయ్యాలి, ర్యాలీ ఆడాలి (అంటే బంతిని ఆగకుండా అటూ ఇటూ కొట్టాలి), స్కోరు లెక్కపెట్టాలి, అందుకోసం బంతి వేగం తగ్గించాలి అన్నది దాని సారాంశం. ఎరుపు, నారింజ, ఆకుపచ్చ బంతులు వరసగా వేగం పెరుగుతూ వస్తాయి. ఆకుపచ్చ చుక్క ఉన్నది పసుపు బంతి కంటే పాతిక శాతం నెమ్మది. పిల్లల కోసమే అనుకుంటారు గానీ, కొత్తగా నేర్చుకునే పెద్దవాళ్లకీ ఇవే కావాలి.

మెడికల్ షాపు ఆయనకి చిన్నతనంగా అనిపించింది. "పిల్లల బంతులు నాకెందుకు సార్?" అన్నారు అందరిముందే. కోచ్ ఏమీ అనుకోలేదు. "ఇద్దరూ కలిసి పదిసార్లు ఆగకుండా అటూ ఇటూ పంపించండి సార్, పసుపు బంతి డబ్బా మీ ముందే తెరుస్తా" అన్నారు. ఆయన నాలుగో బంతినే కంచె మీదుగా రోడ్డు మీదికి కొట్టారు. రెండో వారం చివర్లో పది పూర్తయింది. కోచ్ నిజంగానే కొత్త డబ్బా తెచ్చి మూత లాగారు, లోపలి గాలి బుస్సుమని బయటికొచ్చింది, కొత్త రబ్బరు వాసన. ఆ వారమంతా ఆయన షాపుకొచ్చిన మందుల రెప్రజెంటేటివ్‌లకి కూడా ఈ సంగతి చెప్పారట. యాభై ఏళ్ల మనిషికి, ఇల్లు కట్టి, వ్యాపారం నిలబెట్టి, పిల్ల పెళ్లి చేసిన మనిషికి 'నిన్న రానిది ఇవాళ వచ్చింది' అనిపించే సందర్భాలు ఇంకెక్కడ దొరుకుతాయి? మన పనుల్లో మనం ఎప్పుడో ఆరితేరిపోయాం. ఇంక కొత్తగా వచ్చేది ఏమీ ఉండదు, జరిగిపోతుంటుంది అంతే. ఇక్కడ వారానికోసారైనా ఏదో ఒకటి పట్టుబడుతుంది. బంతి గట్స్‌కి, అంటే బ్యాట్‌కి అల్లిన తీగలకి, సరిగ్గా మధ్యలో తగిలితే చేతికి అదురు రాదు, శబ్దం కూడా వేరేగా, గుండ్రంగా ఉంటుంది. పొద్దున అలాంటి షాట్ ఒక్కటి పడినా బ్రాంచికి వెళ్లి సీట్లో కూర్చున్నాక కూడా మణికట్టులో అది తెలుస్తూనే ఉంటుంది.

స్కోరు గురించి కూడా చెప్పాలి. మా దగ్గర రెండోవారం నుంచే స్కోరు పెట్టి ఆడిస్తారు. సర్వ్ పడకపోతే చెయ్యి కింద నుంచి అండర్‌ఆర్మ్ వెయ్యమంటారు, కానీ స్కోరు మాత్రం ఉండాల్సిందే. టెన్నిస్‌లో గడియారం లేదు. 0-40లో ఉన్నవాళ్లు కూడా మూడు పాయింట్లు తెచ్చుకుంటే డ్యూస్, అంటే ఇద్దరూ 40-40తో సమానం. గేమ్ పోయిందా, తర్వాతి గేమ్ మళ్లీ సున్నా నుంచి. ఆఫీసులో ఏప్రిల్‌లో చేసిన పొరపాటు మార్చిలో అప్రైజల్ దాకా వెంటే వస్తుంది. ఇక్కడ ఐదు నిమిషాల క్రితం పోయిన గేమ్‌ని ఎవరూ ఎత్తరు. వరసగా రెండు సర్వ్‌లూ తప్పి డబుల్ ఫాల్ట్ చేసినా పార్ట్‌నర్ వచ్చి అరచేయి తట్టి వెనక్కి వెళ్తారు. సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఒకసారి నాతో అన్నాడు: "మేడమ్, రోజు మొత్తంలో ఆఫీసు గుర్తురానిది ఈ గంటే. బంతి వస్తుంటే వేరే ఆలోచనకి చోటుండదు." వాకింగ్‌లో అది కుదరదు, కాళ్లు నడుస్తుంటాయి, బుర్ర ఈఎంఐ దగ్గరే ఉంటుంది.

అసలు సంగతి డబుల్స్. రాత్రి తొమ్మిదిన్నరకి గ్రూపులో అంకుల్ మెసేజ్ పెడతారు: 'రేపు 5:45, కోర్టు 2, ఎవరెవరు?' నలుగురు చెయ్యెత్తాక ఆ కోర్టు నిండినట్టే. ఇంక పొద్దున్నే అలారం మోగినప్పుడు నేను ఆలోచించేది నా బరువు గురించి కాదు. నేను లేవకపోతే ముగ్గురి ఆట చెడుతుంది. మా కాలనీలో జిమ్ ఉంది, మంచి జిమ్మే, సంవత్సరానికి ఒకేసారి కట్టించుకున్నారు. నేను వెళ్లకపోయినా అక్కడ ఎవరికీ ఏ లోటూ లేదు. అందుకే వెళ్లలేదు. పెద్దవాళ్లని పొద్దున్నే లేపేది పట్టుదల అనుకుంటారు గానీ నా అనుభవంలో అది మొహమాటం, ఆ తర్వాత మెల్లగా స్నేహం. మా కోర్టువాళ్లు దీన్ని గుర్తించారు, నేను వేసిన నాలుగు మార్కుల్లో రెండు దీనికే. కొత్తగా చేరినవాళ్లని నెలలోపే తమ స్థాయికి దగ్గరగా ఉన్న ముగ్గురితో కలుపుతారు. ఒకరు ఊరెళ్తే మార్కర్ వచ్చి నాలుగో మనిషిగా ఆడతాడు, దానికి విడిగా డబ్బులు తీసుకోరు. మార్కర్ అంటే తెలియనివాళ్లకి: కోర్టులో పనిచేస్తూ, సభ్యులతో బంతి ఆడటానికి ఉండే మనిషి. మా మార్కర్ కుర్రాడు ఎదుటివాళ్లు ఎంత కొడితే అంతే కొడతాడు. అంకుల్‌తో ఆడితే అరవై ఏళ్ల ఆట, సాఫ్ట్‌వేర్ కుర్రాడితో ఆడితే ముప్పై ఏళ్ల ఆట. అది తేలికైన విద్య కాదు.

శనివారం చీట్లు తీసి పార్ట్‌నర్లని మారుస్తారు. నాలుగు గేముల సెట్లు, డ్యూస్ దగ్గర ఒకటే పాయింట్, అది గెలిచినవాళ్లదే గేమ్. బాగా ఆడేవాళ్లు ఎప్పుడూ ఒక జట్టుగా ఉండిపోకుండా ఇది ఆపుతుంది. కొత్తవాళ్లకి బాగా ఆడేవాళ్ల పక్కన నిలబడే అవకాశం వస్తుంది. గేటు బయట బండి దగ్గర అల్లం టీ తాగేటప్పుడు ఎవరు ఏ ఉద్యోగమో ఎవరూ అడగరు. చాలాకాలం పాటు నాకు ఆ డాక్టర్ గారు డాక్టరని తెలియదు, బ్యాక్‌హ్యాండ్ బాగా కొట్టే ఆవిడగానే తెలుసు.

వాట్సాప్‌లో తిరిగే ఒక పరిశోధన గురించి మీరూ వినే ఉంటారు, టెన్నిస్ ఆడితే తొమ్మిదేళ్లు ఎక్కువ బతుకుతారని. దాన్ని ఆ డాక్టర్ గారే వివరించారు. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో ఎనిమిదిన్నర వేల మందిని పాతికేళ్ల దాకా గమనించి 2018లో మేయో క్లినిక్ పత్రికలో ప్రచురించారు. ఏ వ్యాయామమూ చెయ్యనివాళ్లతో పోలిస్తే టెన్నిస్ ఆడేవాళ్ల ఆయుర్దాయం 9.7 ఏళ్లు ఎక్కువగా కనిపించింది. షటిల్‌కి 6.2, ఫుట్‌బాల్‌కి 4.7, సైకిల్‌కి 3.7, ఈతకి 3.4, జాగింగ్‌కి 3.2, జిమ్ములాంటి చోట్ల చేసే కసరత్తుకి 1.5. "ఆట వల్లే అంత ఆయుష్షు పెరుగుతుందని దీన్నిబట్టి చెప్పలేం, టెన్నిస్ ఆడేవాళ్లు మామూలుగానే డబ్బూ, చదువూ, తీరికా ఉన్నవాళ్లై ఉండొచ్చు" అన్నారు ఆవిడ. ఆ పరిశోధకులు కూడా ఇది పోలికే గానీ రుజువు కాదని రాశారట. కానీ ఆ వరస చూడండి: మనుషులు కలిసి ఆడే ఆటలు పైన, ఒక్కరే చేసుకునేవి కింద. పరిశోధకులు కూడా నలుగురితో కలవడానికి ఇందులో వాటా ఉండొచ్చని అన్నారు. మా గ్రూపు చూస్తే ఆ మాట నాకు నమ్మబుద్ధవుతుంది. అంకుల్ భార్య పోయి మూడేళ్లు. పిల్లలు అమెరికాలో. ఆయనకి పొద్దున్నే గంట ఆటతో పాటు రాత్రి ఆ మెసేజ్ పెట్టడం కూడా పనే. రోహన్ బోపన్న 2024 జనవరిలో 43 ఏళ్ల వయసులో ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచి, డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయినప్పుడు మా కోర్టులో స్వీట్లు పంచింది ఆయనే. "చూశావా అమ్మా, నువ్వింకా చిన్నపిల్లవే" అన్నారు నాతో. అంతర్జాతీయ సమాఖ్య నడిపే మాస్టర్స్ టోర్నమెంట్లలో 30 పైబడినవాళ్ల నుంచి మొదలుపెట్టి ఐదేసి ఏళ్లకి ఒక విభాగం చొప్పున ఎనభైలు దాటినవాళ్ల దాకా ఉంటాయని ఆయనకి తెలుసు, అరవై ఐదు విభాగంలో ఒకసారైనా ఆడాలని పట్టుగా ఉన్నారు.

ఆడవాళ్ల కోసం కొంచెం విడిగా రాస్తాను. బ్యాచ్‌లో మేం తక్కువే. మొదట్లో డబుల్స్‌లో ఎవరితో కలిసినా "మీరు నెట్ దగ్గర నిలబడండి మేడమ్, వెనక నేను చూసుకుంటా" అనేవారు. చూసుకోవడం అంటే నా వైపు వచ్చే బంతి కూడా పరిగెత్తుకొచ్చి కొట్టేయడం. మర్యాదకే అంటారు, నిజంగా మర్యాదే అనుకుంటారు కూడా. కానీ పొద్దున్నే ఐదింటికి లేచి వచ్చింది నెట్ పక్కన నిలబడి చూడటానికి కాదు. ఈ మాట కోచ్‌తో చెప్తే ఆయన అందరినీ పిలిచి ఒక నియమం పెట్టారు: నీ సగంలో పడ్డ బంతి నీది, పార్ట్‌నర్ 'నీదే' అని పిలిస్తేనే దాటాలి, పిలవకుండా దాటి కొడితే పాయింట్ అవతలివాళ్లకి. ఒక్క నెలలో అలవాటు మారిపోయింది. కోర్టు నడిపేవాళ్లు నోరు తెరిచి చెప్పాల్సిన సంగతులు ఇవి, ఆటగాళ్లకే వదిలేస్తే ఆడవాళ్లు మాట్లాడకుండా మానేస్తారు. బట్టల గురించి ఎవరూ ఏమీ అనరు, ట్రాక్ ప్యాంటు, టీ షర్టు, టోపీ. మా అత్తగారు మొదట "ఈ వయసులో ఆ పరుగులేంటమ్మా, మోకాళ్లు అరిగిపోతాయి" అన్నారు. ఇప్పుడు శనివారం ఇంటికి రాగానే గెలిచావా అని అడుగుతారు.

ఇంక తగ్గించిన మార్కు. ఆడవాళ్లకి విడిగా ఉన్న టాయిలెట్‌కి తాళం వేసి ఉంటుంది, తాళం చెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీకి వెళ్తాడు. బట్టలు మార్చుకునే గది స్టోర్‌రూమ్‌గా మారింది. ఎన్నిసార్లు చెప్పినా 'చేయిద్దాం మేడమ్' దగ్గరే ఆగింది. ఇది చిన్న విషయం కాదు, నాతో చేరిన ఇద్దరు దీనికే మానేశారు. రెండోది వాన. జులై, ఆగస్టుల్లో తెల్లవారుజామున వాన పడితే క్లాసు ఉండదు, సరే. కోర్టు సింథటిక్ కాబట్టి వాన తెరిపిచ్చాక వైపర్లతో, స్పాంజి రోలర్‌తో నీళ్లు లాగేస్తే అరగంటలో ఆరుతుంది. కానీ ఆ పని పిల్లల బ్యాచ్‌కి ముందు మాత్రమే చేస్తారు. పోయిన క్లాసులు తర్వాత సర్దుబాటు చెయ్యరు, ఫీజులోనూ తగ్గించరు.

మూడోది బంతులు. పసుపు బంతి లోపల గాలి ఒత్తిడితో ఉంటుంది. డబ్బా తెరిచిన రోజు నుంచే అది తగ్గుతూ వస్తుంది. నియమం ప్రకారం 100 అంగుళాల ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే మామూలు బంతి 53 నుంచి 58 అంగుళాలు లేవాలి, అంటే సగానికి కాస్త పైన. అంకుల్ పరీక్ష ఇదే: తలెత్తు నుంచి కొత్తదీ పాతదీ రెండు బంతులు ఒకేసారి వదుల్తారు. కొత్తది నడుము దాటి పైకొస్తుంది, మా బుట్టలోది మోకాలి దగ్గరే తిరిగి పడిపోతుంది. వెంట్రుకలు అరిగి నున్నగా అయిపోయిన అలాంటి బంతుల్ని ఎగరెయ్యాలంటే చేత్తో బలం పెట్టాలి, ఆ బలం మోచేతికి తగులుతుంది. సాఫ్ట్‌వేర్ కుర్రాడికి టెన్నిస్ ఎల్బో (మోచేతి నొప్పి) వచ్చి రెండు నెలలు ఆపేశాడు. బంతులు ఒక్కటే కారణం కాదు, బ్యాక్‌హ్యాండ్ ఆలస్యంగా కొట్టడం, గ్రిప్ బిగించి పట్టుకోవడం, గట్టింగ్ (బ్యాట్‌కి గట్స్ అల్లడం) కూడా ఉన్నాయి. కోర్టు దగ్గర గట్టింగ్ చేసే అతను అడగకుండానే గట్టి పాలియెస్టర్ గట్స్ వేసి టెన్షన్ (గట్స్ బిగువు) 58 పౌండ్లు పెట్టేశాడు. పోటీల్లో ఆడే పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లకి సరిపోతుందేమో గానీ మనలాంటివాళ్లకి కాదు. మెత్తటి మల్టీఫిలమెంట్ గానీ సింథటిక్ గట్ గానీ వేయించుకుని 50 పౌండ్లకి అటూ ఇటూగా పెట్టించుకోండి. నోరు తెరిచి చెప్పండి, చెప్పకపోతే వాళ్లకి అలవాటైనదే వేస్తారు.

సామాను గురించి కొంచెం. మొదటి నెల కోర్టు వాళ్లిచ్చే బ్యాట్‌తోనే ఆడండి. తర్వాత కొనుక్కుంటే 100 చదరపు అంగుళాలకి తగ్గని తల, 270 నుంచి 285 గ్రాముల బరువు చాలు. టీవీలో ఆటగాళ్లు పట్టుకునే మోడల్ అని బరువైనది కొనకండి. డబ్బు ఎక్కువ పెట్టాల్సింది బూట్లకి. రన్నింగ్ షూ ముందుకి పరిగెత్తడానికే చేస్తారు, పక్కకి అడుగేస్తే మడమ తిరుగుతుంది. టెన్నిస్ అంతా పక్కకి కదలడమే, పైగా మాది గట్టి నేల. పక్కలు గట్టిగా ఉన్న టెన్నిస్ షూ వేసుకున్నాకే నా మోకాళ్లు కుదుటపడ్డాయి. మా కోచ్ ఆటకి ముందు పది నిమిషాలు వార్మప్ చేయించకుండా ఎవర్నీ కోర్టులోకి రానివ్వరు, దానికి ఆయనకి దణ్ణం పెట్టాలి. మట్టి కోర్టు దొరికితే కాళ్లకి ఇంకా మంచిది, మా వైపు లేదు.

ఫీజు వారానికి నాలుగు రోజులకి నెలకి నాలుగు వేలు. ఈ చుట్టుపక్కల దానికి ఇది మధ్యరకం. ఏప్రిల్, మే నెలల్లో 5:30కే మొదలుపెట్టి ఏడులోపు ఆపేస్తారు, మంచినీళ్ల క్యాను నీడలో ఉంటుంది. డిసెంబరులో ఆరున్నర దాకా తెల్లారదు కాబట్టి ఫ్లడ్‌లైట్ల కింద ఆట. లైట్లు బానే ఉన్నాయి, రెండో కోర్టు మూల ఒక్కటే చీకటి. లోపలికి వచ్చే సందులో వీధి దీపం లేదు, కొత్తగా వచ్చే ఆడవాళ్లు మొదటివారం ఎవరితోనైనా కలిసి రండి.

ఎవరికి నప్పదో కూడా చెప్తాను. టోర్నమెంట్లు ఆడే స్థాయి ఉన్నవాళ్లకి ఇక్కడ సరైన జోడీ దొరకదు, నగరంలో పెద్ద అకాడమీలు చూసుకోవాలి. ఒక్క నెలలో బరువు తగ్గాలనుకునేవాళ్లకి కూడా ఇది సరైన చోటు కాదు, మొదటి నెల చెమట కంటే బంతులు ఏరుకోవడం ఎక్కువ. మోకాలికి ఇదివరకే ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌ని అడిగి రండి.

ట్రయల్ క్లాసు ఉచితమే. వెళ్లినప్పుడు కోచ్ మాటల కంటే పక్క కోర్టు చూడండి. ఎంతమంది ఆడుతున్నారు, ఎంతమంది వరసలో నిలబడ్డారు. వాళ్లలో ఆరు నెలలు దాటినవాళ్లు ఎవరని అడిగి, వాళ్లతో మాట్లాడండి. నాలుగో మనిషి రాకపోతే ఏం చేస్తారో అడగండి. టాయిలెట్ తాళం చెవి ఎవరి దగ్గర ఉందో కూడా అడగండి, ఎక్కువమంది అడిగితే అయినా తీస్తారు. మూడు నెలలకి కలిపి కడితే పది శాతం తగ్గిస్తామంటారు. వద్దు, ముందు ఒక్క నెలకే కట్టండి. ఆ నెలలో మీకంటూ ఒక నలుగురి గ్రూపు కుదిరితే మిగతాది అప్పుడు కట్టుకోవచ్చు.